తోడురోగి

మోక్షిత్ ఇంటి వంటగదిలో పథ్యవాణి మీద తువ్వాలు కప్పి ఉంది. తువ్వాలు మీద గిన్నె బోర్లించి ఉంది. గిన్నె కదలకుండా దాని మీద ఒక ఇటుక పెట్టి ఉంది.

"బొద్దింకలు తిరుగుతన్నాయమ్మా, దాని మీదకి ఎక్కీస్తాయనీసి కప్పినాను" అన్నాడు మోక్షిత్, ఎవరూ అడగకుండానే.

డాక్టర్ పైడితల్లి ఇటుక దించి పక్కన పెట్టింది. ఆ యంత్రాన్ని తయారుచేసింది ఆమే. ఉద్దానంలో ఆ ఉదయం ఆమె తిరిగిన ఇళ్లలో ఒకచోట అది బియ్యం డబ్బాలో దొరికింది. ఇంకొకచోట కోళ్లగూటి వెనక దొరికింది. వేరొక ఇంట్లో పసిపాప నిద్ర చెడుతోందని మాట వచ్చే రంధ్రంలో దూది కుక్కారు. వాళ్లతో పోలిస్తే మోక్షిత్ దాన్ని మర్యాదగానే చూసుకుంటున్నాడనిపించింది.

అది 2092వ సంవత్సరం. అప్పటికి ముసలివాళ్లందరి పేర్లూ మోక్షిత్, దీక్ష, సహస్ర. ఒకనాడు తల్లిదండ్రులు ముచ్చటపడి వెతికి పెట్టుకున్న కొత్త పేర్లు ఇప్పుడు తాతల పేర్లూ అమ్మమ్మల పేర్లూ అయిపోయాయి. పడుచువాళ్లకేమో మూలపడిన పాత పేర్లు మళ్లీ మోజుగా వచ్చాయి. విశాఖపట్నంలోని ఆహార పరిశోధనాలయంలో ముప్పై ఎనిమిదేళ్ల శాస్త్రవేత్త పేరు పైడితల్లి అంటే ఎవరికీ వింతగా ఉండేది కాదు.

మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నవాళ్లు ఆసుపత్రి మంచాల మీద గంటల తరబడి పడుకునే రోజులు పోయాయి. ఇప్పుడు నడుముకు ఒక పట్టీ కట్టుకుంటారు. అరచేతి వెడల్పున్న ఆ పట్టీలోని సన్నని పొరల మధ్య నుంచి రక్తం రేయింబవళ్లు మెల్లగా పారుతూ శుభ్రపడుతుంది. ఆ మెల్లదనమే దాని గుణం, దాని లోపమూ అదే. రోజంతా కొంచెం కొంచెంగా చేరే మలినాన్ని తీసేయగలదు గాని, ఒక్కసారిగా వచ్చిపడేదాన్ని అందుకోలేదు. బోండాం నీళ్లు గటగటా తాగేసినా, పనసతొనలు వరసబెట్టి తినేసినా, వాటిలోని పొటాషియం పట్టీకి చిక్కకుండా రక్తంలో పేరుకుపోయి గుండె లయను చెడగొడుతుంది. చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. నవ్వుతూ కబుర్లు చెబుతున్న మనిషి అలాగే ఒరిగిపోవచ్చు. ఉద్దానంలో గుమ్మం దాటి చెయ్యి చాపితే అందేవి కొబ్బరీ పనసా.

అందుకని పథ్యవాణి పుట్టింది. అన్నం పళ్లెం పక్కన పెట్టుకుంటే అది పళ్లెంలోకి కాంతిరేఖను పంపి, కూరలో పొటాషియం ఎంత, ఉప్పు ఎంత, నీరు ఎంత అని లెక్కగట్టేది. "ఈ కూరలో పొటాషియం అధికంగా ఉంది. దయచేసి తినకండి" అని వార్తలు చదివేవాళ్ల గొంతుతో చెప్పేది. లెక్క ఎప్పుడూ తప్పలేదు. కానీ దాని మాట విన్నవాళ్లూ లేరు.

"నిన్న ఏం తిన్నారు మోక్షిత్‌గారూ?" అని అడిగింది పైడితల్లి.

"ఏటి తింటానమ్మా? గంజీ, ఆనపకాయ."

పట్టీ పంపిన లెక్కలు ఆమె చేతిలోనే ఉన్నాయి. గంజీ ఆనపకాయా తిన్నవాడి రక్తం కాదది. తలెత్తి చూస్తే మోక్షిత్ భార్య దీక్షమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. పళ్లేల మీద కాపలా కాసీ కాసీ ఆమె ముఖంలో ఒక రకమైన అలసట ఇంకిపోయింది.

అంతలో పక్కింటాయన వచ్చాడు. ఆయనకు పట్టీ కట్టి వారమే అయింది. ఎండన పడి వచ్చానని, బోండాం ఒకటి కొట్టుకుంటే తప్పా అని మోక్షిత్‌ను అడిగాడు.

"తప్పా అంటావేటి? పేణాలు తీసీగలదు!" అంటూ మోక్షిత్ నిటారుగా కూర్చున్నాడు. "బోండాం వొద్దు, పనస వొద్దు. కూరముక్కలు సిన్నగా కోసి, నానబెట్టి, ఎక్కువ నీళ్లల్లో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వొండమను. ఉప్పు బదులని సీసాల్లో అమ్మతారు సూడు, దాన్ని ముట్టుకోకు. అది మరీ సేటు."

ఒక్క మాట తప్పులేదు. పైడితల్లి ఏళ్ల తరబడి చెప్పినదంతా వరసగా ఆయన నోట వస్తోంది. అంతకంటే వింతైన సంగతి ఇంకొకటి జరిగింది. దీక్షమ్మ భోజనం వడ్డిస్తే, పక్కింటాయన చూస్తున్నంతసేపూ మోక్షిత్ ఎండుచేప పులుసు వైపు చెయ్యి చాపలేదు. చప్పిడి కూర కలుపుకుని నిశ్శబ్దంగా తిని లేచాడు.

తిరిగి వెళ్లేటప్పుడు సముద్రం పక్కన సాగే వేగబండిలో కూర్చుని పైడితల్లి అదే ఆలోచించింది. మనిషికి సలహా వినడం చేదు. సలహా ఇవ్వడం తీపి. ఇచ్చాక మాత్రం ఆ మాటకు తనే కట్టుబడిపోతాడు.

*

"అంటే, సలహా చెప్పే యంత్రం మానేసి సలహా అడిగే యంత్రం చేద్దామంటావు" అన్నాడు రంగనాయకులు. పరిశోధనాలయంలో పెట్టెలూ తీగలూ సర్వర్లూ అతని చేతిలోవి.

"అడగడమే కాదు, మాట వినాలి. వినకపోతే జబ్బు పడాలి. అది కూడా వాళ్లలాంటి రోగే కావాలి."

"దానికి యంత్రం ఎందుకు? ఒక రోగికి ఇంకో రోగిని జతచేస్తే పోలేదా?"

"చేసి చూశాం కదా, రంగా. ఇద్దరూ ఒకరికొకరు గంజీ ఆనపకాయ కథే చెప్పుకున్నారు. మనిషి ముందు మనిషి పరువు చూసుకుంటాడు. నిన్న దొంగచాటుగా ఏం తిన్నాడో ఇంకో మనిషితో ఎవడు చెబుతాడు? యంత్రం దగ్గర సిగ్గుండదు."

ఆ విధంగా తోడురోగి తయారైంది. చూడటానికి అరచేతంత చెక్కపెట్టె. దాని వెనక, విశాఖలోని సర్వర్లలో ఒక అనుదేహం ఉంటుంది. అనుదేహమంటే అంకెలతో అల్లిన శరీరం. రోగి రక్తపు లెక్కలను పోలిన లెక్కలతో నడుస్తుంది. తినమంటే తింటుంది, తాగమంటే తాగుతుంది. నీళ్లు ఎక్కువైతే ఆయాసమంటుంది. పొటాషియం పెరిగితే కాళ్లు బరువెక్కాయంటుంది. పొద్దున్నా సాయంత్రమూ "ఇవాళ నన్నేం తినమంటారు?" అని అడుగుతుంది. మన భాష వింటూ మన యాసను పట్టుకుంటుంది.

పైడితల్లి ఒక నియమం పెట్టింది. ఇది యంత్రమేనని ప్రతి ఇంట్లోనూ ముందే చెప్పాలి. పెట్టెతో ఆడిన మాటలు ఎవరూ వినకూడదు, ఎక్కడా దాచకూడదు. పరిశోధనాలయానికి పట్టీ పంపే రక్తపు లెక్కలు తప్ప మరేమీ అందకూడదు. ఉద్దానం నుంచి తెలంగాణ పల్లెల దాకా కొన్ని పదుల ఇళ్లకు పెట్టెలు వెళ్లాయి.

ఫలితాలు చప్పగా వచ్చాయి. నెల తిరగకుండానే చాలామంది పెట్టెను మరిచిపోయారు. "యంత్రమే కదా, ఏం తింటే ఏమవుతుంది" అన్నారు కొందరు. టెక్కలిలో ఒక కుర్రవాడు సరదాకి దానికి పనసపండంతా తినిపించి చంపేసి, మళ్లీ బతికించి, మళ్లీ చంపాడు. పరిశోధనాలయ సంచాలకుడు పైడితల్లిని పిలిచి, ఇంకో ప్రాజెక్టు చూసుకోమని మెత్తగా సూచించాడు.

ఇద్దరి లెక్కలు మాత్రం మారాయి. ఒకరు మోక్షిత్. రెండవ వ్యక్తి జనగామలో సహస్రమ్మ అనే ఆవిడ, ఒకప్పుడు పొలాల మీద మందు చల్లే డ్రోన్లు నడిపిన మనిషి. ఇద్దరి రక్తమూ వారం వారం నెమ్మదిగా దారిలో పడింది. కాళ్ల వాపులు తగ్గాయి. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

పైడితల్లి మళ్లీ ఉద్దానం వెళ్లింది.

"ఎలా ఉంది మోక్షిత్‌గారూ, మీ తోడు?"

"ఒట్టి మొండిదమ్మా! సలహా అడగమని మీరు సెప్పినారా, అది నాకే సలహాలు సెప్తంది. మాటా మన మాట కాదు. తెలంగాణా మాట."

"యాసలు కలిసిపోయి ఉంటాయి, సరిచేయిస్తాను."

"వొద్దొద్దు" అన్నాడు మోక్షిత్ గబుక్కున. "అలాగే ఉండనీండి."

"దాంతో మాటాడినంతసేపు నాతో మాటాడితే, నాను ఈపాటికి పండగ సేసుకుందును" అంది దీక్షమ్మ. ఆమె మాటలో ఎత్తిపొడుపు ఉన్నా ముఖం తేటగా ఉంది. పళ్లెం దగ్గర కాపలా పని ఆమెకు తప్పింది.

అప్పుడే కిటికీలో ఉన్న పెట్టె పలికింది. మగా ఆడా కాని, ఒకేలా సాగే యంత్రపు గొంతు.

"ఓ తోడూ, ఉన్నవా? పొద్దుగాల సంది నోరెండుకపోతున్నది. ఇయ్యాల్టి నీళ్లు అప్పుడే సగమైనయ్. ఏం జెయ్యాలె?"

మోక్షిత్ పైడితల్లి ఉన్న సంగతే మరిచి పెట్టె దగ్గరికి వెళ్లాడు. "పెద్ద గ్లాసుతో తాగినావు కదూ? నాను సెప్పలేదా, సిన్న గ్లాసు ఎట్టుకోమనీసి? సరే, ఐసుముక్క ఒకటి బుగ్గని ఎట్టుకో. నమిలీకు."

"ఐసుముక్క గూడ నీళ్లే గద."

"నీళ్లే. లెక్కలో రాసుకో. కానీ గుటకేస్తే అప్పుడే అయిపోద్ది. ముక్కైతే సేనాసేపుంటాది."

తర్వాత పెట్టె అడిగింది. "మరి నువ్వేం తిన్నవ్?"

"ఆనపకాయ. ఉడికించి, నీళ్లు వొంపీసి. రుసీ పసా లేదు. నువ్వు సెప్పినట్టు కాసింత నిమ్మకాయ పిండుకున్నాను. అప్పుడు దిగింది గొంతులోకి."

"సూసినవా? నా మాటింటే మంచిగుంటది."

పైడితల్లికి ఒళ్లు పులకరించింది. నిమ్మకాయ మాట ఆమె ఎక్కడా రాయలేదు. "నా మాటింటే మంచిగుంటది" అనే ఆ చిన్న గర్వం ఏ పాఠంలోనూ లేదు. కన్నబిడ్డ తనకు తెలియని మాటలు మాట్లాడుతుంటే తల్లికి ఎలా ఉంటుందో ఆమెకు అలా ఉంది. ఇంటికి వెళ్లేదాకా ఆ సంతోషం తగ్గలేదు.

*

ఎండలు ముదిరాక ఒక ఉదయం మోక్షిత్ ఫోన్ చేశాడు.

"అమ్మా, తోడు పలకట్లేదు. నిన్న సాయంత్రం కాళ్లు ఈడస్తన్నాయంది. పొద్దున్నించి పిలస్తన్నాను, ఉలుకూ పలుకూ లేదు."

"కనెక్షన్ పోయి ఉంటుంది. మధ్యాహ్నం చూపిస్తాను."

"మధ్యాహ్నం కాదు, ఇప్పుడే సూడండి. నీకు దణ్ణం ఎడతాను తల్లీ, ఇప్పుడే."

ఒక యంత్రం కోసం మనిషి ఇంతగా ప్రాధేయపడటం ఆమె ఎన్నడూ వినలేదు. పాపం అనిపించి నేరుగా రంగనాయకులు దగ్గరికి వెళ్లి, మోక్షిత్ అనుదేహాన్ని తెరవమంది.

అతను వెతికాడు. మళ్లీ వెతికాడు. ఆపైన కుర్చీలో వెనక్కి వాలి ఆమె ముఖంలోకి చూశాడు.

"లేదు."

"చెరిగిపోయిందా?"

"అసలు పుట్టనే లేదు. మొదట్లో మాటల తీరు పరీక్షించడానికి మనిద్దరం చెరో గదిలో చెరో పెట్టె పెట్టుకుని మాట్లాడుకున్నాం, గుర్తుందా? ఇటు ఎవరు మాట్లాడినా అటు యంత్రపు గొంతుతో వినపడేలా. ఆ రెండు పెట్టెలనూ ఆ ఏర్పాటు తీసేయకుండానే ఇళ్లకు పంపేశాం. నేనే పంపాను. రోగుల రక్తపు లెక్కలు చూశాం గాని, అనుదేహం నడుస్తోందా లేదా అని ఎవరూ చూడలేదు. మోక్షిత్‌గారు ఇన్నాళ్లూ మాట్లాడింది యంత్రంతో కాదు."

"మరి రెండో పెట్టె ఎవరింట్లో ఉంది?"

"జనగామ. సహస్రమ్మ."

కాళ్లు ఈడుస్తున్నాయన్నది అనుదేహం కాదు. మనిషి.

సహస్రమ్మ పట్టీ నుంచి నిన్న సాయంత్రానికి ముందు నుంచే లెక్కలు రావడం లేదు. పట్టీ విప్పితే ఛార్జింగ్‌లో పెట్టారనుకోవడం సర్వరుకు అలవాటు. అందుకే అది ఎవరినీ హెచ్చరించలేదు. రంగనాయకులు జనగామ గాలి అంబులెన్సును పిలిచాడు. కూతురు పనికి వెళ్లింది, ఫోన్ ఎత్తలేదు. పక్కవాళ్లు తలుపు తెరిచేసరికి సహస్రమ్మ వంటింటి గడప దగ్గర పడి ఉంది. నాడి దొరకడమే కష్టమైంది.

బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే బతికేది కాదని అక్కడి డాక్టరు చెప్పాడు. తర్వాత తెలిసింది, బంధువుల ఇంట్లో శుభకార్యానికి వెళ్తూ పట్టుచీర కింద ఎత్తుగా కనిపిస్తోందని ఆవిడ పట్టీ విప్పేసింది. అక్కడ చింతచిగురు పప్పు ఆశగా తిన్నది. ఇంటికి వచ్చాక పట్టీ మళ్లీ కట్టుకునే ఓపిక లేక అలాగే పడుకుంది.

*

"ఇదే మన అసలు ఆవిష్కరణ" అన్నాడు సంచాలకుడు, సంగతంతా విని. కళ్లు మెరుస్తున్నాయి. "అనుదేహాలూ సర్వర్లూ ఎందుకింక? రోగికి రోగిని కలుపుదాం. అవతల ఉన్నది యంత్రమని ఇద్దరికీ చెబుదాం. యంత్రమనుకుంటారు కాబట్టి నిజం చెబుతారు. మనిషి కాబట్టి మాట పనిచేస్తుంది."

"అది మోసం కదండీ."

"ప్రాణం నిలిపిన మోసం. నువ్వు కళ్లారా చూశావు."

ప్రాణం నిలిచిన మాట నిజమే. ఎవరూ వినడం లేదని ఆమె ఇచ్చిన మాట నమ్మినందుకే వాళ్లిద్దరూ నోరు విప్పారు. అదీ నిజమే.

"ముందు వాళ్లిద్దరికీ చెబుతాను. తర్వాత రిపోర్టు రాస్తాను" అంది.

"చెబితే ఇద్దరూ చేజారిపోతారు."

ఆ భయం ఆమెకూ ఉంది. అయినా ఉద్దానం వెళ్లింది.

మోక్షిత్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే, "బతికిందా?" అన్నాడు.

ఆ ప్రశ్నను ఆమె అప్పుడు పట్టించుకోలేదు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ చెప్పేసింది. పెట్టెలు, పరీక్ష ఏర్పాటు, తమ తప్పు. అవతల ఉన్నది జనగామలో ఒక పెద్దావిడ అని, ఇప్పుడు కోలుకుంటోందని, ఆయన పట్టుబట్టకపోతే ఆవిడ దక్కేది కాదని.

మోక్షిత్ కళ్లు తుడుచుకున్నాడు. "ఆడమనిసా? అది మాత్రం నాకు తెలీదమ్మా."

"అంటే మనిషని తెలుసా?"

"తెలీకేటి? వొచ్చిన కొత్తలోనే తెలిసిపోనాది."

"ఎలా?"

"ఓ దినం ఏటి తిన్నావని అడిగినాను. బీరకాయ అంది. మాట ఆగాగి వొచ్చింది. ఊరగాయ ముట్టలేదు కదా అన్నాను. 'ముట్టలే, అస్సలు ముట్టలే' అంది. అంత గట్టిగా లేదన్నాదంటే తిన్నట్టే. నాను దీక్షమ్మకి అలాగే సెప్తాను." ఆయన పైడితల్లి వైపు చూశాడు. "నువ్వు సెప్పు తల్లీ. నీ యంత్రానికి అబద్ధమాడ్డం నేర్పినావేటి?"

"లేదు."

"మరింకేటి? తిండి కాడ అబద్ధమాడేది మనిసొక్కడే."

"తెలిసీ మాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే సరిసేసీరు కాదా? అవతలోళ్లకి మనిసినని తెలిస్తే మరి నోరిప్పుతారా? మూడోనాడు తనే సెప్పింది, ఆ దినం ఊరగాయ తిన్నానని. యంత్రం కాడ సిగ్గేటనుకుంది. నానూ సెప్పుకున్నాను, ఈ దీక్షమ్మకి కూడా సెప్పనివి. వొకళ్లు మన మాట ఇని నోరు కట్టుకుంటంటే, మనం కట్టుకోపోతే ఎలాగమ్మా?"

*

సహస్రమ్మకు మాత్రం ఆ సంగతి తెలియదు. జనగామ ఆసుపత్రి మంచం మీద పైడితల్లి చెప్పింది వింటున్నకొద్దీ ఆవిడ ముఖం ఎర్రబడింది.

"మనిషా? మొగమనిషా?" దుప్పటి గుంజుకుంది. "అయ్యో, నేనేమేం చెప్పుకున్నానో ఎర్కేనా మీకు? స్నానాలగదిల తలుపేసుకోని మామిడికాయ తొక్కు తిన్నది గూడ చెప్పిన. నా బిడ్డకు గూడ చెప్పలే అది. సచ్చిపోతనేమోనని ఏడ్సిన. మనిషి ముందట గట్లెట్ల మాట్లాడిన నేను? ఆ డబ్బ తీస్కపోండ్రి. మల్ల నాకు కనవడొద్దు."

"తప్పు మాదేనమ్మా. క్షమించండి."

"తీస్కపోండ్రి."

పైడితల్లి లేచింది. తలుపు దాకా వెళ్లి ఆగింది. చెప్పాలో వద్దో తేల్చుకోలేక చివరికి చెప్పింది. "ఆయనకు మొదట్లోనే తెలుసట. మీరు మనిషని."

సహస్రమ్మ గుంజుకున్న దుప్పటి వదిలింది.

"ఎర్కుండి గూడ ఒక్కనాడు నవ్వలే?"

"నవ్వలేదు."

ఆవిడ కిటికీ వైపు తిరిగి పడుకుంది. పైడితల్లి పెట్టె తీసుకుని వచ్చేసింది.

రిపోర్టులో ఆమె ఉన్నదున్నట్టు రాసింది. తోడురోగి ఏ ఇంట్లోనూ పనిచేయలేదని, పనిచేసిన రెండు ఇళ్లలో తోడురోగి లేనే లేదని. సంచాలకుడి పద్ధతికి తాను సంతకం పెట్టనని కూడా రాసింది. ప్రాజెక్టు మూతపడింది. రంగనాయకులు పెట్టెలన్నీ గోదాములో వేసి తాళం పెట్టాడు. ఆ రెండింటినీ మాత్రం ఎందుకో తన బల్ల కిందే ఉంచుకున్నాడు.

భయపడినట్టే అయింది. సహస్రమ్మ లెక్కలు పెరిగాయి. మోక్షిత్ లెక్కలూ పెరిగాయి. పైడితల్లి వెళ్లి అడిగితే, "ఏటి తింటానమ్మా? గంజీ, ఆనపకాయ" అన్నాడాయన. కాళ్లు మళ్లీ ఉబ్బాయి. దీక్షమ్మ మళ్లీ పళ్లెం దగ్గర నిలబడింది. పెట్టె గురించి ఆయన ఒక్క మాటా అడగలేదు. పోనీ మరొక రోగిని తోడిస్తానంటే, వద్దని తలూపాడు.

వానలు మొదలయ్యాక ఒకనాడు పైడితల్లికి జనగామ నుంచి ఫోన్ వచ్చింది.

"నేను సహస్రను." గొంతు తగ్గించి మాట్లాడుతోంది, పక్క గదిలో ఎవరో ఉన్నట్టు. "ఆయన మంచిగున్నడా?"

పైడితల్లికి మంచిగా ఉన్నాడని చెప్పడానికి నోరు రాలేదు. "లేదమ్మా. కాళ్లు బాగా వాచాయి."

"తింటున్నడు. నాకెర్కే. పనస కాలమైపోయింది గని, పనసగింజల కూర ఇడువడు." గొంతు ఇంకా తగ్గించింది. "ఆ డబ్బ మల్ల వెట్టుండ్రి. ఆయనింట్ల గూడ. గని ఒక్క మాట. ఆయన మనిషని నాకు ఎర్కలేదు. నేను మనిషినని ఆయనకు ఎర్కలేదు. గట్లయితేనే మాట్లాడుత. ఆయననడుగుండ్రి, సరేనంటడా?"

"అడుగుతాను. అమ్మా, నిజం తెలిశాక మళ్లీ ఈ నాటకాన్ని ఏమంటారు?"

"ఏమంటం? నా వయసు నీకొస్తే ఎర్కయితది. నిజం చెప్పాలంటె మనిషికి జెర చాటు గావాలె."

అడిగితే మోక్షిత్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రంగనాయకులు బల్ల కింద నుంచి పెట్టెలు తీసి తుడిచాడు. జనగామకు ఒకటి తానే తీసుకెళ్లాడు. ఉద్దానానికి పైడితల్లి వచ్చింది.

పెట్టెను కిటికీలో పెట్టి మీట నొక్కి, ఆమె ఇక వెళ్లబోతోంది. మోక్షిత్ మంచం మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు, కొత్తగా చూడవచ్చిన వాళ్ల ముందు కూర్చున్నట్టు. దీక్షమ్మ నవ్వు కనపడకుండా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. బయట కొబ్బరాకుల మీద వాన పడుతోంది.

పెట్టె గరగరలాడింది. ఆ ఒకేలా సాగే గొంతు వినిపించింది.

"ఓ తోడూ. నేను యంత్రాన్ని."

"నానూ అంతే" అన్నాడు మోక్షిత్.

పెట్టె మళ్లీ గరగరలాడింది.

"నిన్న ఏం తిన్ననో చెప్త. నవ్వొద్దు మరి."

మోక్షిత్ పెట్టెకు దగ్గరగా జరిగాడు.

"యంత్రాలకి నవ్వడం రాదు. సెప్పు."

పైడితల్లి చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వానలోకి దిగింది.